ఆపరేషన్ తల్లికుండీ

పెద్దాయన చనిపోయింది అందరి కళ్ళ ముందే. అయినా ఎవరూ చూడలేదు.

పట్టపగలు. గాజు పైకప్పు మీంచి ఎండ కురుస్తోంది. గ్రీన్‌హౌస్ చూడటానికి వచ్చిన విలేఖరులు వరుసల మధ్య కెమెరాలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళకి మట్టి గురించి చెబుతూ చెబుతూ పెద్దాయన మాట మధ్యలో ఆపేశాడు. పక్కనున్న కుండీలోంచి ఒక మొక్కని ఉన్నపళంగా పీకి, వేళ్ళని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ముఖం పాలిపోయింది. ఎవరికో ఏదో చెప్పాలన్నట్టు చుట్టూ చూశాడు. జనం తోసుకుంటున్నారు. ఎవరో ఆయన్ని రాసుకుంటూ వెళ్ళారు. పెద్దాయన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, దోమ కుట్టినట్టుగా రుద్దుకుని, పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం మెడ వెనక ఒక సూదిపోటు కనిపెట్టాడు. అతను ఆ సంగతి రిపోర్టులో రాయలేదు. ఫోన్ తీసి ఒకే ఒక్క నంబరుకి చెప్పాడు.

ఆ నంబరు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌ది.

* * *

తూనీగకి పళ్ళ కుర్చీ అంటే చిన్నప్పటి నుంచీ హడలు. ఆ సంగతి తెలిసి కూడా బాబాయ్ ప్రతి బ్రీఫింగూ ఆ కుర్చీలోనే పెట్టేవాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ బాబాయే. తెల్లకోటు, మాస్కు, చేతిలో చిన్న అద్దం. బయట గదిలో నిజమైన పేషెంట్లు బుగ్గలు పట్టుకుని మూలుగుతూ ఉంటారు.

"నోరు తెరువు," అన్నాడు బాబాయ్. "నేను చెప్పేటప్పుడు నువ్వు మాట్లాడకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి."

తూనీగ కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

"ఈసారి మనం కాపాడాల్సింది క్షిపణి కాదు, కోడ్‌బుక్కూ కాదు. బూజు."

తూనీగ కళ్ళు తెరిచింది.

"నవ్వకు. మట్టిలో ఉండే మంచి బూజు. వేరుని అంటిపెట్టుకుని బతుకుతుంది. మన మెట్టభూముల్లో భాస్వరం బోలెడంత ఉంది, కానీ రాయిలో బిగుసుకుని ఉంది. మొక్కకి అందదు. అందుకని ఏటా బయటి దేశం నుంచి ఎరువు కొంటున్నాం. అమ్మేది ఒక్కటే ముఠా. కంపెనీ అని బోర్డు పెట్టుకుంటారు. వాళ్ళు ధర పెంచితే మనం నోరు మూసుకుని కొనాలి. నువ్వు మూయకు, తెరిచే ఉంచు. పెద్దాయన పెంచిన బూజు ఆ రాతిలోంచి భాస్వరాన్ని లాగి వేరుకి అందిస్తుంది. ఎల్లుండి ఆ విత్తనపు మట్టి లారీలకెక్కి దేశమంతా వెళుతోంది. అది పొలాల్లో పనిచేసిందంటే ముఠా దుకాణం కట్టేసినట్టే."

సన్నటి సూదిలాంటిదేదో పన్నుకి తగిలింది. తూనీగ వీపు విల్లులా వంగింది.

"పెద్దాయన్ని మెడ వెనక సూది గుచ్చి చంపారు. బూజుని కూడా చంపుతారు. ఎలాగో మనకి తెలియదు. నువ్వు డ్రిప్ మెకానిక్‌గా లోపలికి వెళ్ళు. పన్ను మీద ఒక తొడుగు పెట్టాను, అదే ట్రాన్స్‌మిటర్. నాలుకతో రెండుసార్లు నొక్కితే నా మనుషులు బయల్దేరతారు. లోపల మన కాంటాక్ట్ ఉంది. అదెవరో చెబితే నీ భయం సగం తగ్గుతుంది."

"ఎవలు?" అంది తూనీగ. నోట్లో దూది ఉంది.

"నెమలి."

నిజంగానే తూనీగ భయం సగం తగ్గింది. తాళం తీయడం, తుపాకీ విప్పడం, అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం, ఇవన్నీ తూనీగకి నేర్పింది నెమలే. ట్రైనింగ్‌లో మొదటి వారం బాత్‌రూంలో కూర్చుని ఏడుస్తుంటే తలుపు తట్టి, "చెల్లీ, ముక్కు తుడుచుకుని బయటికి రా, నాకూ భయమే," అన్నదీ నెమలే.

* * *

నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళద్దాలు, బుగ్గల్లో దూదిఉండలు, భుజాన పానాల సంచి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఐడీ కార్డుని ఒకసారి, ఆమె ముఖాన్ని రెండుసార్లు చూశాడు.

"ఆడవాళ్ళు కూడా వస్తున్నారా ఈ పనికి?" అన్నాడు.

"నీళ్ళకి ఆడా మగా తేడా తెలీదు బాబూ."

గేటు తెరుచుకుంది.

లోపల ఆమెని పనిలో పెట్టుకోవాల్సింది పెద్దాయన భార్య. ఆవిడా శాస్త్రవేత్తే. అందరూ డాక్టరమ్మ అంటారు. భర్త పోయి వారం కూడా కాకుండానే ల్యాబ్‌కి వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదకొస్తున్నాయట. మైక్రోస్కోపు ముందు కూర్చుని, సన్నటి వేరుముక్కల్ని వెనిగర్‌లోనూ సిరాలోనూ వేడిచేస్తూ కనిపించింది.

"సిరా ఎందుకమ్మా?" అంది తూనీగ.

"బూజు మామూలుగా కనపడదు. రంగు పడితేనే కనిపిస్తుంది. రా, చూడు."

తూనీగ కన్ను ఆనించింది. లేత వేరు గాజులా మెరుస్తోంది. దాని గదుల్లో నీలం రంగు చెట్లు. ఒక్కో గదిలో ఒక్కో బుల్లి చెట్టు, కొమ్మలు చీలి, రెమ్మలు చీలి, గది నిండా అల్లుకుపోయి ఉంది.

"ఇచ్చిపుచ్చుకునేది అక్కడే," అంది డాక్టరమ్మ. "వేరు దూరలేని సందుల్లోకి ఈ పోగులు దూరతాయి. వెంట్రుక కంటే సన్నం. భాస్వరం, నీళ్ళు మోసుకొచ్చి ఇస్తాయి. బదులుగా మొక్క చక్కెర పెడుతుంది. మొక్క పెట్టకపోతే ఈ బూజుకి వేరే తిండి లేదు. సీసాలో పోసి పెంచుదామంటే పెరగదు. బతికున్న వేరు ఉండాల్సిందే."

"ఎంత ప్రేమో!"

డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. "ప్రేమేం కాదమ్మా, అవసరం. మా ఆయన అదే అనేవాడు. ఆయన నాతో కాపురం గురించి కూడా అలాగే అనేవాడులే." నవ్వు అక్కడే ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆయన చేతిలో ఒక వేరు మిగిలింది. గుప్పిట విప్పి తీసి, నేనే రంగు వేసి చూశాను. ఒక్క నీలపు పోగు లేదు. బోడిగా ఉంది. బూజు ఇంకా పట్టని లేత మొక్క కాబోలనుకుని సరిపెట్టుకున్నాను. పోయేటప్పుడు అదెందుకు పీకాడో నాకిప్పటికీ అర్థం కాలేదు."

ఆ మధ్యాహ్నం గ్రీన్‌హౌస్‌లో పైపుల వెంట మోకాళ్ళ మీద పాకుతుంటే తూనీగకి ఏదో తేడాగా అనిపించింది. కారణం వెంటనే తట్టలేదు. మొక్కలు బాగున్నాయి. చాలా బాగున్నాయి. నిగనిగలాడే ఆకులు, బలిసిన కాడలు. నిరుపేద మట్టిలో, బూజు ఇచ్చే పిసరంత భాస్వరం మీద బతకాల్సిన మొక్కలవి. ఎవరో చాటుగా వాటికి విందు పెడుతున్నట్టున్నాయి.

* * *

నెమలి ఆ గ్రీన్‌హౌస్ సంస్థకి పబ్లిక్ రిలేషన్స్ డైరెక్టర్. పట్టు స్కార్ఫ్, ఎత్తుమడమల చెప్పులు, కాలరు మీద వెండి బ్రోచ్. ఆమె నడిచి వెళుతుంటే కారిడార్లో మగవాళ్ళు చేతిలోని ఫైళ్ళు జారవిడిచేవాళ్ళు. నీళ్ళ కూలర్ దగ్గర తూనీగ వంగి కొళాయి బిగిస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"మెత్తటి మట్టి దొరుకుతుందా ఇక్కడ?"

"దొరుకుతుంది. రాళ్ళు ఏరుకోవాలి."

కోడ్ సరిపోయింది. నెమలి చుట్టూ చూసి, చెయ్యి చాచి, తూనీగ విగ్గుని చెవి దగ్గర కొంచెం సర్దింది. "ముసలిదానివి అయిపోయావే చెల్లీ! నాకంటే ముందే!"

ఇద్దరూ కిటికీ పక్కన టీ కప్పులతో నిలబడ్డారు. చాలా రోజుల తర్వాత తూనీగ భుజాలు కిందికి దిగాయి. నెమలి అన్నీ అడిగింది. "మీ ఆయన ఇప్పటికీ నువ్వు పళ్ళ డాక్టర్లకి కుర్చీలు అమ్ముతావనే అనుకుంటున్నాడా? పాప బొటనవేలు నోట్లో పెట్టుకోవడం మానిందా? ఇంటి వెనక మెట్ల మీదే ఇంకా ఆడుకుంటోందా?"

"అన్నీ అంతే అక్కా."

"నాకు స్టోర్‌కీపర్ మీద అనుమానం. నువ్వు అతని మీద కన్నెయ్యి. ఇంకో మాట. డాక్టరమ్మ దగ్గర అసలు విత్తనం, అదే తల్లికుండీలు, వేరుగా ఉన్నాయంటారు. ఎక్కడున్నాయో నాకైనా చెప్పదు. మనం కాపలా కాయాలంటే తెలియాలి కదా?"

"ల్యాబ్ వెనక చీకటి గది పక్కన చిన్న వరండా ఉందక్కా. ఆవిడే చెంబుతో చేత్తో పోస్తుంది నీళ్ళు. డ్రిప్ పైపు వేస్తానంటే వద్దంది."

నెమలి టీ చివరి గుక్క తాగి, కప్పు అంచుకి అంటిన లిప్‌స్టిక్‌ని వేలితో తుడిచింది. "మా చెల్లి బంగారం," అంది.

* * *

లారీలు వచ్చిన రోజు పొద్దున్నే తూనీగ పంపు గదిలోకి దిగింది. ముందువాకిట్లో షామియానా, మైకు, పూలకుండీలు. నెమలి జెండా ఊపాక లారీలు కదలాలి. ఈలోగా పైపుల్లో ఆ విందు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చాలని తూనీగ మెయిన్ లైను పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఫిల్టర్లు దాటింది. పెద్ద ట్యాంకు దాటింది. ట్యాంకుకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత సందు.

ఆ సందులో ఒక నీలం డ్రమ్ము ఉంది. దాని మీద చిన్న డోసింగ్ పంపు. పిల్లి గురకలా చప్పుడు చేస్తూ, బొట్టుబొట్టుగా, దేన్నో గ్రీన్‌హౌస్ నీళ్ళలోకి ఎక్కిస్తోంది. ప్లాన్‌లో లేని పంపు అది.

తూనీగ టార్చి వేసింది. గొట్టం జారిపోకుండా కీలు దగ్గర తీగ చుట్టి ఉంది. ఎడమచేతి వైపు మెలిక, రెండు చుట్లు, చివర లోపలికి మడిచి వేలికి గుచ్చుకోకుండా నొక్కి ఉంది.

ఆమె టార్చిని ఇంకా దగ్గరగా జరిపింది.

ప్రపంచంలో ఎవరైనా తీగని కుడివైపు తిప్పుతారు. ఎడమవైపు తిప్పి కొన లోపలికి మడిచేవాళ్ళు తనకి తెలిసి ఇద్దరే ఉన్నారు. ఒకరు తను. రెండోవారు తనకి అది నేర్పిన మనిషి.

పైప్రాణాలు పైనే పోయాయి. నాలుక దానంతటదే పన్నుని వెతుక్కుని రెండుసార్లు నొక్కింది. డ్రమ్ములోంచి చిన్న సీసాడు ద్రవం పట్టి జేబులో వేసుకుంది. సందులోంచి బయటికి జారేసరికి, మెట్ల మీద మడమల చప్పుడు. టక్. టక్. టక్.

"ఏం చేస్తున్నావ్ చెల్లీ ఇక్కడ?"

"ఫిల్టర్ కడుగుతున్నానక్కా." ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పింది. అదీ నెమలి నేర్పిందే.

నెమలి కూడా ఆమె కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా నవ్వి, దగ్గరికొచ్చి, తూనీగ బుగ్గ మీది గ్రీజు మరక తుడిచింది. చల్లటి వేళ్ళు.

"ఆ వెనకమెట్లకి రెయిలింగ్ పెట్టించమను మీ ఆయన్ని. పిల్లలు పడితే కష్టం."

వెళ్ళిపోయింది. మొన్న టీ తాగుతూ నెమలి ఆప్యాయంగా అడిగిన మాటలన్నీ తూనీగకి ఇప్పుడు ఒక్కొక్కటే తిరిగొచ్చి, కత్తుల్లా గుచ్చుకున్నాయి. పాప ఇప్పుడు స్కూల్లో ఉంటుంది. ఉంటుందా? ఫోన్ తీసి భర్తకి చేసింది.

"పాపని స్కూలు నుంచి తీసుకుని మీ అక్కయ్య వాళ్ళింటికి వెళ్ళండి. ఇప్పుడే. ఎందుకని అడక్కండి."

"ఆఫీసులో ఉన్నానే, ఏమైంది? గొంతేంటి అలా ఉంది?"

"పన్ను పీకారు. వెళ్ళండి, దణ్ణం పెడతాను!"

* * *

తూనీగ తానెవరో చెప్పి చేతికిచ్చిన సీసాలోంచి డాక్టరమ్మ రెండు చుక్కలు పరీక్షనాళికలో వేసి, ఇంకేదో కలిపింది. చూస్తుండగానే అది ఆకాశం రంగుకి, తర్వాత చిక్కటి నీలానికి తిరిగింది.

"భాస్వరం," అంది. "కరిగే భాస్వరం. ఇంత చిక్కగానా!"

"విషం కాదా?" తూనీగ కంగారుగా అడిగింది.

"మొక్కకి పాయసం. బూజుకి విషం." డాక్టరమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "నీళ్ళలో ఊరికే వస్తుంటే మొక్క బూజుకి చక్కెర ఎందుకు పెడుతుంది? లోపలికి రానివ్వడం మానేస్తుంది. బూజు ఆకలితో చస్తుంది. పైకి చూస్తే మొక్క కళకళలాడుతుంది. ఎవరికీ అనుమానం రాదు. అయ్యో... ఆయన పీకిన మొక్క! ఆకు చూసి అనుమానం వచ్చి వేరు చూశాడు. నాకు చెప్పాలని వెతికాడు..."

అంతలో ఉలిక్కిపడి తలెత్తింది. "అంటే లారీల్లో ఉన్నదాంట్లో చాలావరకు ఉత్త మట్టే. పోనీ. తల్లికుండీలున్నాయి. వాటికి నేను చేత్తోనే పోశాను. అవి ఉంటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు."

తూనీగ అప్పటికే తలుపు వైపు కదిలింది. "అమ్మా, అవెక్కడున్నాయో నేను చెప్పేశాను. ఆ పంపు పెట్టిన మీ పబ్లిక్ రిలేషన్స్ డైరెక్టర్‌కే చెప్పేశాను."

ఇద్దరూ వరండాలోకి పరిగెత్తారు. గూడు ఖాళీ. నేల మీద ట్రాలీ చక్రాల తడిజాడ. ఆ జాడ కారిడార్ దాటి, గోదాం దాటి, మట్టిని ఆవిరి పట్టే గది దాకా వెళ్ళింది. స్టీల్ గోడలు, బ్యాంకు లాకర్లా మందపాటి తలుపు. లోపల ఆవిరి వదిలితే మట్టిలో పురుగూ పుట్రా, బూజూ గీజూ ఏదీ మిగలదు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చివర, ట్రాలీ మీద, పచ్చటి పిలకలతో తల్లికుండీలు.

"వెళ్ళకండి!" తూనీగ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎర వేసింది. మనం లోపలికి రావాలనే తలుపు తెరిచి పెట్టింది."

"తెలుసమ్మా," అంది డాక్టరమ్మ. చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తూనీగ గడప దగ్గర నిలబడిపోయింది. పారిపోవాలని ఒంట్లో ప్రతి నరమూ లాగుతోంది. పారిపోతే ఎవరూ తప్పు పట్టరు కూడా. ట్రాలీ చక్రాలకి అడ్డంగా గొలుసు వేసి ఉంది. డాక్టరమ్మ ఒక్కతే దాన్ని గుంజుతోంది. తూనీగ ఏడుస్తూ, తనని తాను తిట్టుకుంటూ, లోపలికి దూకింది.

వెనక తలుపు మూసుకుంది.

గుండ్రటి గాజుకిటికీలో నెమలి ముఖం. పక్కనున్న స్పీకర్ గరగరమంది.

"సారీ చెల్లీ."

తూనీగ పన్ను నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఈ స్టీల్ గోడల్లోంచి సిగ్నల్ బయటికి పోదు. పొద్దున నొక్కింది అందిందో లేదో కూడా తెలియదు.

"ఎందుకక్కా?" అంది. తిట్టాలనుకుంది, కానీ చిన్నపిల్ల గొంతులాంటిది బయటికొచ్చింది.

నెమలి గాజుకి దగ్గరగా జరిగింది. "నీకు భయమేస్తే అందరికీ తెలుస్తుంది. నాకు వేస్తే ఎవరికీ తెలీదు. అంతే తేడా. ఎన్నేళ్ళు! ఏ కారు ఎక్కినా, ఏ గ్లాసు ఎత్తినా ఆ ముఠావాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు. ఒకరోజు వాళ్ళే వచ్చి అడిగారు. వాళ్ళతో ఉంటే ఇక వాళ్ళకి భయపడక్కర్లేదనిపించింది."

"మరి పోయిందా భయం?"

స్పీకర్లో ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత బయట చక్రం తిరిగిన కీచు. నెమలి ముఖం కిటికీలోంచి తప్పుకుంది.

గోడల్లో గొట్టాలు ఠంగుమన్నాయి. పైన రంధ్రాల్లోంచి తెల్లటి ఆవిరి బుసకొడుతూ దిగింది. డాక్టరమ్మ అప్పటికే కుండీల్ని ఒక్కొక్కటే నేలమీదికి దించి, మూలనున్న తడిగోనెలు కప్పి, ఆ పైన తన కోటు కప్పి, వాటి మీద తను వంగి కూర్చుంది. "వేడి పైనుంచి దిగుతుంది, కిందికి వంగు!" అని అరిచింది. "తలుపు పక్కన ఎమర్జెన్సీ పిడి ఉంటుంది చూడు!"

పిడి లేదు. ఎవరో విప్పి తీసుకెళ్ళారు. అది ఉండాల్సిన చోట వేలి లావు ఇనుపకడ్డీ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. తూనీగ జేబులోంచి పట్టకారు తీసి కడ్డీని పట్టింది. జారింది. మళ్ళీ పట్టింది. చేతులు ఎంతగా వణుకుతున్నాయంటే పట్టకారు కడ్డీ మీద టకటకా కొట్టుకుంటోంది. ఇనుము కాలుతోంది. అరచెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కుంది. కళ్ళద్దాలు మసకబారాయి. ఊపిరి పీలిస్తే గొంతులో నిప్పు దిగుతోంది. చచ్చిపోతున్నాననుకుంది. చాలాసార్లు అలా అనుకుంది ఇదివరకు. ఈసారి నిజమే అనిపించింది.

నెత్తిమీది నెరిసిన విగ్గుని ఊడబెరికింది. దాన్ని కడ్డీ చుట్టూ చుట్టి, రెండు చేతులతో పిడికిలి బిగించి, పట్టకారు దాని మీద వేసి, ఒళ్ళంతా బరువేసి కుడివైపు తిప్పింది. కదల్లేదు.

"ఎడమకి!" ఆవిరిలోంచి డాక్టరమ్మ దగ్గుతూ అరిచింది. "ఎడమకి తిప్పు తల్లీ!"

తూనీగ ఎడమకి తిప్పింది. ఏదో టప్పున విరిగినట్టయింది. తలుపు ఒక్కసారిగా బయటికి తన్నుకుని, ఆవిరితో పాటు ఆమెని కూడా కారిడార్లోకి విసిరేసింది.

ఆమె వెల్లకిలా పడి, చల్లగాలిని మింగుతూ, పాకుతూ వెనక్కి వెళ్ళి గోనె ఎత్తింది. కింద, పిలకలు వాడిపోయి తలలు వాల్చాయి. డాక్టరమ్మ వణికే వేలితో మట్టిలో గుచ్చి చూసింది. "పైన కాలింది. లోపల చల్లగానే ఉంది," అంది. "వేళ్ళు బతికాయి." అప్పుడు మొదటిసారి, భర్త పోయినప్పటి నుంచీ మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.

* * *

షామియానా కింద మైకు మోగుతోంది. నెమలి ఆకుపచ్చ జెండా పైకెత్తింది. లారీల ఇంజన్లు గుర్రుమంటున్నాయి. అప్పుడు జనంలో కలకలం. గోదాం తలుపులోంచి తెల్లటి ఆవిరి మేఘం, దాంట్లోంచి ఒక మనిషి. ఎర్రగా కందిన ముఖం, తడిసి అంటుకున్న జుట్టు, ఒక కన్నుకే మిగిలిన కళ్ళద్దం. గోడకి వేలాడుతున్న డ్రిప్ పైపు చుట్టనొకదాన్ని మెడలో వేసుకుని, తూలుతూ వస్తోంది.

నెమలి జెండా దించింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో చిట్లింది. మరుక్షణం చేతులు చాచి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, యాక్సిడెంట్! ఎవరైనా డాక్టర్ని పిలవండి!" వేళ్ళ మధ్య వెండి బ్రోచ్ సూది తళుక్కుమంది.

తూనీగకి పారిపోయే ఓపిక లేదు. గట్టిగా కళ్ళు మూసుకుని, భుజాలు ఎగరేసి, పైపు చుట్టని మెడ మీదికి తోసుకుంది. కౌగిలి బిగిసింది. మెడ వెనక చిన్న టక్ మన్న చప్పుడు. మందపాటి రబ్బరు పైపులో సూది దిగబడిపోయింది. తీద్దామంటే రాలేదు.

తూనీగ ఆ మణికట్టుని రెండు చేతులతో పట్టుకుంది.

"నీ చేతులింకా వణుకుతున్నాయి చెల్లీ," అంది నెమలి, చెవిలో, మెల్లగా.

"అవునక్కా," అంది తూనీగ. వదల్లేదు.

మొదటి లారీ డ్రైవరు కిందికి దూకాడు. రెండో లారీ డ్రైవరూ దూకాడు. పొద్దుటి సిగ్నల్ అందింది. డ్రైవర్లు ఎప్పుడో మారిపోయారు. మూడో లారీ క్లీనరు తలకి చుట్టుకున్న తుండుగుడ్డ విప్పితే బాబాయ్. ఆయన తూనీగ వైపు చూడలేదు. నెమలి వైపే చూశాడు. సొంత పన్ను ఎవరో మత్తు లేకుండా పీకినట్టుంది ఆయన ముఖం.

నెమలిని కారెక్కిస్తుంటే ఆమె, తుపాకీ గురి ఎక్కడుందోనన్నట్టు, చుట్టూ ఉన్న మేడల కిటికీలన్నీ ఒక్కొక్కటే పరికించి చూసింది. అప్పుడు తూనీగకి అర్థమైంది. లోపల స్పీకర్లో దొరకని జవాబు అదే. భయం పోలేదు.

లారీల్లో పావువంతు మట్టి పాత పంటది, దాంట్లో బూజు బతికే ఉంది. డాక్టరమ్మ దగ్గరుండి దాన్ని వేరు చేయించి పంపింది. మిగతా పొలాలు ఇంకో ఏడాది ఆగాలి. భర్త ఫోన్ చేశాడు. పాప మేనత్త ఇంట్లో బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయిందట. "ఏ పన్ను పీకారసలు?" అని అడిగాడు. తూనీగ నవ్వబోయి ఏడ్చేసింది.

సాయంత్రం అరచేతులకి కట్లతో ఆమె సెలవు తీసుకుందామని ల్యాబ్‌కి వెళ్ళేసరికి, డాక్టరమ్మ తల్లికుండీల వరండాలో మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, చిరాగ్గా నీళ్ళలో నిలబడి ఉంది. ఆవిరి పేలుడికి పక్క గోడలో లైను అదిరినట్టుంది. చెంబు పట్టుకునే కొళాయి బుడబుడా కారుతోంది.

"అసలు మెకానిక్కుని అడిగితే వచ్చే వారం దాకా కుదరదన్నాడమ్మా," అంది. "సంచి ఎలాగూ తెచ్చుకున్నావుగా. ఒక్కసారి చూడరాదూ?"

కాదనడానికి మొహమాటపడి తూనీగ నీళ్ళలో కూర్చుంది. దేశం మీదికొచ్చిన గండాన్ని పొద్దున్నే తప్పించిన చేతులవి. ఆ పావలా వాషరు మాత్రం చీకటిపడేదాకా వాటికి లొంగలేదు.